పాత డెస్క్‌టాప్‌కి బడ్జెట్ గ్రాఫిక్స్ కార్డు కొనాలా? ముందు క్యాబినెట్ తలుపు తీసి చూడండి

"ఐ5 నాలుగో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 750 టీఐ. గేములు ఆగి ఆగి నడుస్తున్నాయి. తక్కువలో ఏదైనా కొత్త కార్డు వేసుకుంటే సరిపోతుందా, లేక డబ్బు దండగా?" అని మీరు అడిగారు.

చదవగానే నవ్వొచ్చింది. వెంటనే కాస్త కడుపు కూడా మండింది. మూడేళ్ల కిందట నా టేబుల్ కింద ఉన్నది అచ్చంగా ఇదే సరుకు. ఐ5-4460, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, అదే 750 టీఐ గ్రాఫిక్స్ కార్డు. తేడా ఒక్కటే. మీరు కొనకముందు అడుగుతున్నారు, నేను అడగలేదు. అడిగితే ఎవరైనా వద్దంటారేమోనని భయం. కొనాలని లోపల ఎప్పుడో ఖాయమైపోయింది. ఆ తర్వాత నెల రోజులు చూసిన వీడియోలు, చదివిన రివ్యూలు అన్నీ తీర్పు రాసేశాక సాక్షుల్ని పిలవడం లాంటివే.

నా బాధంతా జీటీఏ 5 గురించి. 2015లో పీసీకి వచ్చిన గేమ్. అప్పటికే దానికి వయసైపోయింది, నా కంప్యూటర్‌కీ అయిపోయింది, ఇద్దరికీ జోడీ బాగానే కుదరాలి కదా. మామూలుగా నడిచినంతసేపు బాగానే ఉండేది. కారెక్కి ఊళ్లో గట్టిగా తోలితే మొదలయ్యేది గోల. ఫ్లైఓవర్ ఎక్కి మలుపు తిరిగే చోట బొమ్మ అరసెకను బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి నా కారు గోడలో ఉండేది. ఒక్కోసారి రోడ్డు ఉండాల్సిన చోట బూడిదరంగు ముద్ద, కాసేపటికి దాని మీద తీరిగ్గా గీతలు, తారు వచ్చి చేరేవి. ఎప్పుడు వెళ్లినా అదే ఫ్లైఓవర్, అదే మలుపు.

ఆ అదే చోటు అన్న సంగతి దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. కార్డు పాతది, 2 జీబీ, కాబట్టి కార్డే దొంగ అని తేల్చేశాను. మిగతా భాగాలకి పెట్టె మీద రాక్షసుల బొమ్మలు ఉండవు కదా, వాటి మీదికి మనసు పోదు.

నాలుగు నెలలు దాచి ఒక 4 జీబీ కార్డు కొన్నాను. పేరు చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదు, చదవకుండా కొన్న నాది. 2 జీబీ నుంచి 4 జీబీ, అంటే రెట్టింపు అనుకున్నాను. అమ్మినతను కూడా అదే అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకి వెళ్తాను, క్షమించాలి. ఈ "ఎన్ని జీబీ?" అనే ప్రశ్నంత దిక్కుమాలిన ప్రశ్న కంప్యూటర్ లోకంలో ఇంకోటి లేదు. జీటీ 1030 తీసుకోండి. 2017లో వచ్చిన దాంట్లో 2 జీబీ జీడీడీఆర్5 మెమరీ, సెకనుకు 48 జీబీ వేగం. 2018లో అదే పేరుతో, అదే 2 జీబీతో, మామూలు డీడీఆర్4 మెమరీ పెట్టి ఇంకోటి దింపారు. వేగం 16.8 జీబీ. మూడో వంతు! పెట్టె మీద పేరు అదే. మీ 750 టీఐ 2014 నాటిది, దాని మెమరీ వేగం 86.4 జీబీ. అంటే నాలుగేళ్ల తర్వాత వచ్చిన "కొత్త" కార్డు మీ పాతదాని ముందు నిలబడలేదు. జీటీఎక్స్ 1060లో 3 జీబీది, 6 జీబీది అంటే మెమరీ ఒక్కటే తేడా అనుకుంటారు, చిన్నదాంట్లో కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కూడా కోసేశారు, 1280కి బదులు 1152. ఆర్‌టీఎక్స్ 3050 కూడా అంతే, 2022లో 8 జీబీది, 2024లో 6 జీబీది, రెండోదాంట్లో కోర్లు తక్కువ, మెమరీ దారి ఇరుకు. ఖరీదైన కార్డులు కొనేవాడు ఎలాగూ పది రివ్యూలు చదువుతాడు. పేర్లతో ఇలా ఆడుకునేది, చదివే ఓపిక లేని మనలాంటి చిన్న బడ్జెట్ వాళ్ల దగ్గరే. సరే, కథలోకి వద్దాం.

కార్డు వచ్చిన రాత్రి క్యాబినెట్ తలుపు తీశాను. ఎన్నేళ్ల తర్వాత తీశానో గుర్తులేదు. ప్రాసెసర్ ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము దుప్పటిలా పేరుకుపోయింది, గోరుతో లాగితే పొరలా ఊడొచ్చింది. 750 టీఐ స్క్రూ విప్పుతుంటే చేతిలోంచి జారి మదర్‌బోర్డు కింద ఎక్కడో పడింది. ఆ స్క్రూ కోసం క్యాబినెట్ మొత్తం ఎత్తి తలకిందులు చేసి జల్లెడ పట్టినట్టు ఊపాను. స్క్రూ రాలేదు కానీ రెండు చచ్చిన సాలీళ్లు, నాది కాని ఒక వాషర్ రాలాయి.

కొత్త కార్డు స్లాట్‌లో టిక్కుమని కూర్చుంది. అప్పుడు కనిపించింది దాని నెత్తిన ఆరు పిన్నుల పవర్ సాకెట్. 750 టీఐకి అది లేదు, స్లాట్ ఇచ్చే కరెంటుతోనే బతికేసేది. స్లాట్ 75 వాట్ల దాకా ఇస్తుంది, 750 టీఐ 60 వాట్ల కార్డు. నా ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే లోపలి భాగాలకి కరెంటు పంచే డబ్బాలో, ఆరు పిన్నుల వైరే లేదు. పెట్టెలు వెతికితే హార్డ్ డిస్కు పవర్‌ని ఆరు పిన్నులుగా మార్చే ఒక అడాప్టర్ వైరు దొరికింది. తగిలించేశాను. ఇలాంటి వైరు ఇంట్లో దొరకడం అదృష్టం అనుకున్నాను కూడా.

ఇక మానిటర్ కేబుల్ పెడదామని నీలం రంగు వీజీఏ పిన్ను పట్టుకుని వెనక్కి వంగాను. కార్డు వెనక హెచ్‌డీఎమ్‌ఐ ఒకటి, డిస్‌ప్లే పోర్ట్ ఒకటి. వీజీఏ లేదు. నా మానిటర్‌కి వీజీఏ తప్ప ఇంకోటి లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు. రాత్రి పదకొండున్నరకి ఆ నీలం పిన్ను చేత్తో పట్టుకుని నేల మీద కూర్చున్న నన్ను చూసి మా ఆవిడ "పాడైపోయిందా?" అని అడిగింది. "లేదు, ఇంకా మొదలవలేదు" అన్నాను.

మర్నాడు కన్వర్టర్ తెచ్చాక బొమ్మ వచ్చింది. గేమ్ పెట్టి, సెట్టింగ్స్‌లో ప్రతి గీతనూ కుడివైపు చివరికి లాగేశాను. బొమ్మ అంచుల్ని నునుపు చేసే ఎంఎస్‌ఏఏ కూడా పెట్టాను. ఎంత మెమరీ తింటుందో చూపించే గీత ఒకటి ఆ మెనూలోనే ఉంటుంది, అది ఎర్రబడింది. పట్టించుకోలేదు. కొత్త కార్డు కదా. కారెక్కాను. నీడలు బాగున్నాయి, కారు మీద ఆకాశం మెరుస్తోంది. ఫ్లైఓవర్ ఎక్కాను. మలుపు వచ్చింది.

బిగుసుకుపోయింది. ఈసారి అరసెకను కాదు, దాదాపు ఒకటిన్నర.

వారం రోజులు డ్రైవర్లు తీసి పెట్టాను, పెట్టి తీశాను. ఆదివారం మా బావమరిది వచ్చాడు. వాడికి ఈ పిచ్చి నాకంటే ముదిరింది. తలుపు తీసి టార్చ్ వేసి చూశాడు, ముందు ఆ అడాప్టర్ వైరు పట్టుకుని లాగేశాడు. "బావా, ఇల్లు తగలబెడతావా?" అన్నాడు. హార్డ్ డిస్కుకి వెళ్లే ఆ కనెక్టర్ మోయగలిగేది 54 వాట్లేనట, ఆరు పిన్నుల వైపు కార్డు 75 దాకా లాగొచ్చట. ప్లాస్టిక్ పట్టుకుని చూస్తే నిజంగానే ఒక మూల మెత్తబడి ఉంది.

తర్వాత అడిగాడు, "ర్యామ్ ఒక్క స్టిక్కేనా?"

ఒక్కటే. రెండు స్లాట్లలో ఒకటి కొన్న రోజు నుంచీ ఖాళీ. నాకెప్పుడూ తప్పుగా అనిపించలేదు, 8 జీబీ అంటే 8 జీబీయే కదా. డీడీఆర్3-1600 ఒక స్టిక్ ఉంటే ప్రాసెసర్‌కి సెకనుకు 12.8 జీబీ దారి, రెండు పెడితే 25.6. ఇంటికి రెండో గుమ్మం ఉండగా దానికి తాళం వేసి అందరం ఒక్క గుమ్మంలోంచే తోసుకుంటూ తిరిగినట్టు. పైగా గేమ్ నడుస్తుండగా వెనక బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు. వాడు నవ్వలేదు, అదే బాధేసింది.

కార్డు వివరాలు చూపించే జీపీయూ-జడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి ఇంకో దెబ్బ చూపించాడు. నా కొత్త కార్డు మదర్‌బోర్డుతో నాలుగే లేన్లతో (డేటా వెళ్లే దారులతో) మాట్లాడుతుంది. ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ లాంటివన్నీ ఇదే తీరు. కార్డు గుచ్చే స్లాట్ తరాన్ని పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0, 3.0, 4.0 అని లెక్కపెడతారు, 4.0 బోర్డు మీద ఆ నాలుగు లేన్లే సెకనుకు దాదాపు 8 జీబీ మోస్తాయి. నాది హెచ్81, అందులో గ్రాఫిక్స్ స్లాట్ 2.0 దగ్గరే ఆగిపోయింది. అంటే 2 జీబీ. కార్డులోని 4 జీబీ నిండితే మిగతా సరుకు ర్యామ్‌లోంచి తెచ్చుకోవాలి. నేను అన్నీ కుడివైపుకి లాగి దాన్ని నిండా ముంచాను. అది ఆ సందులోంచి, ఆ ఒంటి స్టిక్ ర్యామ్‌లోంచి తోడుకుంటోంది పాపం. ఒకటిన్నర సెకను ఎక్కడ నుంచి వచ్చిందో అర్థమైంది.

అడాప్టర్ పీకేశాడు కాబట్టి కొత్త కార్డు నడవదు. సరైన ఎస్‌ఎంపీఎస్ వచ్చేదాకా పాతదే గతి. మళ్లీ 750 టీఐ ఎక్కించాం, మళ్లీ నీలం పిన్ను. వాడు తన పాత మిషన్ నుంచి తీసిన 8 జీబీ స్టిక్ తెచ్చి ఖాళీ స్లాట్‌లో గుచ్చాడు. గేమ్ హార్డ్ డిస్కులో ఉందని తెలిసి ఇంకో చూపు చూశాడు. నా ఎస్‌ఎస్‌డీలో విండోస్‌తో పాటు ఎవరూ చూడని పెళ్లి వీడియోలు ఉన్నాయి, వాటిని హార్డ్ డిస్కుకి పంపి గేమ్‌ని ఇటు తెచ్చాం. అది కాపీ అయ్యేలోపు భోజనాలు అయిపోయాయి.

సెట్టింగ్స్ మళ్లీ పాతవే, నార్మల్. కారు. ఫ్లైఓవర్. మలుపు.

ఏమీ జరగలేదు. రోడ్డు రోడ్డులాగే ఉంది. నమ్మకం లేక ఆ మలుపు ఆరుసార్లు తిరిగాను. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్య) పెద్దగా పెరగలేదు, నాలుగైదు పెరిగిందేమో. కానీ అంతకుముందు ఆ చోట పదిహేనుకి పడిపోయే అంకె ఇప్పుడు నలభై దిగలేదు. కొత్త కార్డు కొని నేను పోగొట్టుకోవాలనుకున్న రోగం, పాత కార్డుతోనే, అరువు స్టిక్‌తో నయమైంది. ర్యామ్ వల్లా, ఎస్‌ఎస్‌డీ వల్లా అని అడక్కండి, రెండూ ఒకేసారి మార్చాం. నా ఓటు ర్యామ్‌కే.

అప్పటి నుంచి నాకు ఒక మొండి అభిప్రాయం ఏర్పడింది. పాత మిషన్‌కి గ్రాఫిక్స్ కార్డు కావాలని అడిగేవాళ్లలో చాలామందికి కావాల్సింది కార్డు కాదు. మీకు తెలియాలంటే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, గేమ్ మూలలో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) వాడకం, ఒక్కో సీపీయూ కోర్ వాడకం, ర్యామ్, వీడియో మెమరీ అంకెలు కనబడేలా పెట్టండి. మీకు విసుగొచ్చే చోట ఆడుతూ వాటిని చూడండి. జీపీయూ 97, 99 దగ్గర అంటుకుని ఉంటే కార్డు నిజంగా అలసిపోయిందని. బొమ్మ ఆగిన ప్రతిసారీ జీపీయూ అరవైకో నలభైకో పడిపోతుంటే కార్డు ఖాళీగా కూర్చుని సరుకు కోసం ఎదురుచూస్తోందని. ఇంకో పరీక్ష, రెజల్యూషన్ 1080పీ నుంచి 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ గట్టిగా పెరిగితే కార్డుదే భారం. అక్కడే ఉంటే ఎంత మంచి కార్డు తెచ్చినా అక్కడే ఉంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు. వెబ్‌సైట్‌లో ప్రాసెసర్ పేరూ కార్డు పేరూ కొడితే "17 శాతం బాటిల్‌నెక్" అని, అంటే ఒకటి రెండోదాన్ని అంత వెనక్కి లాగుతోందని, చెప్పేవి ఉన్నాయి చూశారా, అవి చిలక జోస్యం. ఏ గేమో, ఏ సెట్టింగో అడక్కుండా శాతం ఎలా చెప్తాయి?

యూట్యూబ్ వాళ్ల మీదా ఒక మాట. బడ్జెట్ కార్డుని తెచ్చి మార్కెట్లో ఉన్న అత్యంత ఖరీదైన ప్రాసెసర్ పక్కన పెట్టి పరీక్షిస్తారు. కార్డు అసలు బలం తెలియాలంటే అలాగే చేయాలి, ఆ పద్ధతి తప్పు కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ అంకెలు చూసి నాలుగు కోర్ల నాలుగో తరం వాడు కొనేస్తాడు కదా. కింద ఒక్క ముక్క రాయొచ్చుగా.

ఇప్పుడు మీ సంగతి. మీరు ఏ గేములు ఆడతారో చెప్పలేదు, నిజానికి జవాబు మొత్తం అక్కడే ఉంది. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివైతే ఎక్కువ బరువు ప్రాసెసర్ మీదే, కార్డు మార్చితే మీరు ఊహించినంత రాదు. కొత్తగా వస్తున్న పెద్ద గేములైతే మీ ఐ5కి ఉన్న నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు) చాలవు. కొన్ని గేములు పాత కార్డులకి గుమ్మం దగ్గరే తలుపేస్తున్నాయి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్‌కి కార్డులో రే ట్రేసింగ్ (వెలుతురు దారిని లెక్కగట్టే) హార్డ్‌వేర్ తప్పనిసరి, లేకపోతే లేదంతే. పాత సరుకంతా బాగుందని నేను అనడం లేదు.

అలాగని సెకండ్ హ్యాండ్‌లో జీటీఎక్స్ 1050 టీఐ, 1060 చవగ్గా వస్తున్నాయని పరిగెత్తకండి. మీ 750 టీఐ మాక్స్‌వెల్ తరం, అవి పాస్కల్ తరం. 2025 అక్టోబరుతో వీటిని తయారుచేసే ఎన్‌విడియా ఈ రెండు తరాలకీ గేముల కోసం ఇచ్చే కొత్త డ్రైవర్లు ఆపేశారు, ఇక సెక్యూరిటీ అప్‌డేట్లే, అవీ 2028 అక్టోబరు దాకా. పైగా 1050 టీఐ పేరుతో దొంగ కార్డులు బాగా తిరిగాయి, లోపల జీటీఎక్స్ 550 టీఐ లాంటి ముసలి చిప్పు పెట్టి బయోస్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి పేరు అంటిస్తారు. జీపీయూ-జడ్ అలాంటివాటిని పట్టి పేరు ముందు ఫేక్ అని రాస్తుంది. అమ్మేవాడు దాన్ని తెరవనివ్వకపోతే లేచి వచ్చేయండి.

ఆ మూల అంకెలు చూశాక నిజంగా కార్డుదే తప్పని తేలితే రెండు దారులు. ఈ మిషన్‌తోనే ఇంకో రెండేళ్లు గడిపేయాలి, ఎస్‌ఎంపీఎస్ మార్చే ఉద్దేశం లేదు అనుకుంటే జీటీఎక్స్ 1650. 75 వాట్లు, చాలా మోడళ్లకి విడిగా పవర్ వైరు అక్కర్లేదు (కొన్నిటికి ఆరు పిన్నులు ఉంటాయి, ఫొటో చూసి కొనండి), ముఖ్యంగా పదహారు లేన్లూ వాడుకుంటుంది కాబట్టి పాత బోర్డు మీద ఇబ్బంది పడదు. లేదూ, ఏడాదిలో మిషన్ మొత్తం మార్చేస్తారు అంటే కార్డుని ఇప్పుడే ఆ కొత్త ఇంటి కోసం కొనండి. ఆర్‌ఎక్స్ 6600 లాంటిది, 8 జీబీ, 132 వాట్లు, ఎనిమిది పిన్నుల వైరు ఒకటి కావాలి, అంటే ఎస్‌ఎంపీఎస్ కూడా లెక్కలో వేసుకోండి. మీ ఐ5 దాన్ని పూర్తిగా నడపలేదు, పర్లేదు, అది వేచి ఉంటుంది. 8 జీబీ కన్నా తక్కువ మెమరీ ఉన్నదాన్ని భవిష్యత్తు కోసం అని మాత్రం కొనకండి. ఇంటెల్ బీ580 గురించి ఎవరైనా ఊరిస్తే వినకండి. 12 జీబీ కార్డు, మంచిదే. కానీ రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) లేని పాత బోర్డుల్లో ఇంటెల్ కార్డులు బాగా చతికిలబడతాయి, మీ బోర్డు సరిగ్గా ఆ కాలం నాటిదే.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు పోయింది, మీ ప్రాసెసర్‌ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. మిషన్ మీద ఎంత పెట్టాలో తేల్చుకునేటప్పుడు అదీ గుర్తుంచుకోండి.

నా 4 జీబీ కార్డు ఏమైందంటారా? బావమరిదికే ఇచ్చేశాను. వాడి కొత్త బోర్డు 4.0ది. ఆ కార్డు అక్కడ టెక్స్చర్లు కొంచెం దించి పెడితే చక్కగా నడుస్తోంది, నా దగ్గర ఏడిపించినట్టు వాడిని ఒక్కసారీ ఏడిపించలేదు. బదులుగా ఆ ర్యామ్ స్టిక్ నాకు ఉంచేశాడు. లెక్క చూస్తే నేను ఎంత నష్టపోయానో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. తర్వాత నేనూ మిషన్ మార్చాను. 750 టీఐ మాత్రం సొరుగులో ఉంది. చుట్టాల్లో ఎవరి కంప్యూటర్‌కి డిస్‌ప్లే రాకపోయినా దాన్నే జేబులో వేసుకుని వెళ్తాను. మొన్న కూడా వెళ్లాను. వాళ్లు మానిటర్ కేబుల్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి పెట్టుకున్నారు.